తుకారాం మేస్త్రీ రాసుకున్న ప.వే.

నిన్న ఎండ ఎంత కాసిందో పొద్దున్నే పేపరు చెబుతుంది. ఆ అంకె నిజమో కాదో మాత్రం మెట్టుగూడ లైబ్రరీ వసారాలో తుకారాం మేస్త్రీ చెప్పాలి. పదకొండేళ్లుగా అక్కడ అదే రివాజు.

లైబ్రరీ అంటే పెద్ద భవనమేమీ కాదు. రైల్వే క్వార్టర్లకు ఇవతల రెండు సందులు కలిసేచోట ఒక గది, నాలుగు ఇనప బీరువాలు, ముందర రేకుల వసారా, అందులో రెండు బల్లలు. ఏడింటికల్లా నలుగురైదుగురు రిటైరైనవాళ్లు వచ్చి పేపరును పేజీలుగా విడదీసి పంచుకుంటారు. రాజకీయాల పేజీ విజయేందర్‌ది. కోఆపరేటివ్ స్టోరులో గుమాస్తాగా చేసి దిగిన మనిషి, ఏ మాటకైనా ఎదురు పక్షం తీసుకుంటే తప్ప ఆయనకు తోచదు. వ్యాపారం పేజీ హరికిషన్‌ది. మోండా మార్కెట్లో ఇనప సామాన్ల దుకాణం కొడుకులకు అప్పగించి వచ్చి కూర్చున్నవాడు. ఊళ్లవారీగా ఎండలు వేసే పేజీ తుకారాంది. ఎవరూ నిర్ణయించలేదు, అలా అయిపోయింది.

"నలభై రెండని రాసిండ్రు. నలభై మూడు దాటింది నిన్న. అరికాలికి ఎర్కైతది" అనేవాడు తుకారాం. ఎవరూ కాదనేవారు కాదు.

కాదనకపోవడానికి కారణముంది. ముప్పై నాలుగేళ్లు ఆయన రైలు పట్టాల వెంట నడిచాడు. గ్యాంగ్‌మన్‌గా చేరి, పట్టాల బిగింపులు చూసే కీమ్యాన్ అయి, చివరి పన్నెండేళ్లు గ్యాంగుకు మేస్త్రీగా చేశాడు. ఎండకు పట్టా సాగుతుంది. సాగడానికి చోటు చాలకపోతే పక్కకు వంగుతుంది. అందుకని వేసవిలో చిన్న థర్మామీటరును పట్టా తల మీద ఆనించి, వేడి చూసి, హద్దు దాటితే మనుషుల్ని కాపలా తిప్పడం మేస్త్రీ బాధ్యత. ఒక మే నెల మధ్యాహ్నం ఆయన ఎర్రజెండా పాతి ప్యాసింజరు బండిని ఆపేశాడు. జనం దిగొచ్చారు. తెల్లబట్టల పెద్దమనిషి ఒకాయన చెప్పుకాలితో పట్టాను తొక్కి చూసి, ఎక్కడ వంగింది, సీదాగానే ఉంది కదా అన్నాడు. వెనక ఉన్న వందమందీ సీదాగానే ఉందన్నారు. తుకారాం జెండా తీయలేదు. ఇంజనీరు వచ్చి పట్టా పక్కన దారం లాగి పట్టుకుంటే, కంటికి ఆనని వంపు దారానికి ఆనింది. ఈ కథ వసారాలో ఏడాదికి మూడుసార్లయినా నడిచేది. నడిచిన కొద్దీ వందమంది రెండువందలయ్యారు.

అంతటి మేస్త్రీ మాట కాబట్టి సందులో మిరపకాయలు ఎప్పుడు ఆరబోయాలో, పెళ్లి షామియానాకు పక్క గుడ్డలు కట్టించాలో వద్దో ఆయన్నే అడిగేవారు. తుకారాం తల పైకెత్తి కాసేపు ఆగి చెప్పేవాడు. ఆ ఆగడం అవసరమై కాదు, అలవాటై.

అలాంటి చోటికి దేవానందం వచ్చాడు.

చర్చి నడక దూరంలో ఉంటుందని మల్కాజ్‌గిరి నుంచి మారి, తుకారాం ఇంటికి సరిగ్గా ఎదురు వాటాలో దిగారు దేవానందం, ఆయన భార్య కాంతమణి. పుట్టింది బాపట్ల వైపు. ముప్పై ఆరేళ్లు వాతావరణ శాఖలో పనిచేశాడట. ఈ సంగతి తుకారాంకు తెలిసేసరికి వసారాలో అందరికీ తెలిసిపోయింది.

ఆ మొదటిరోజు విజయేందర్‌కూ హరికిషన్‌కూ వాదం నడుస్తోంది. ఇంకో ఇరవై ఏళ్లకు సికింద్రాబాద్‌లో మనిషన్నవాడు బతకలేడని ఫోనులో చూసి వచ్చాడు హరికిషన్. ఇదంతా ఏసీలు అమ్ముకునే కంపెనీల నాటకమని విజయేందర్. ఎప్పటిలాగే తీర్పు తన దగ్గరికి వస్తుందని తుకారాం గొంతు సవరించుకున్నాడు. హరికిషన్ మాత్రం కొత్తాయన వైపు తిరిగి, మీరు ఆ శాఖలోనే చేశారు కదా, చెప్పండి అన్నాడు.

దేవానందం కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నేను రీడింగులు తీసి, రాసి, పంపినవాణ్ణండి. అలాంటివి వేల చోట్ల నుంచి, నూరేళ్లకు పైగా పోగైనవి, లెక్కగట్టినవాళ్లు వేరే ఉన్నారు. భూమి వేడెక్కుతోందనీ, మనం వదిలే పొగే కారణమనీ వాళ్లంటున్నారు. ఒకరి లెక్కలో ఒకరు తప్పులు వెదుక్కుని, వెదుక్కుని, ఆ మాట దగ్గరికే వచ్చారు. వాళ్లకు తెలిసినంత నాకు తెలియదు. అందుకని వాళ్లను నమ్ముతాను. ఇరవై ఏళ్లలో మనిషే బతకడని మాత్రం వాళ్లెవరూ అన్నట్టు నేను చదవలేదు."

"అంటే మీరు సొంతంగ చూసింది ఏం లేదన్నట్టు" అన్నాడు విజయేందర్.

"సొంతంగా చూసింది ఒక్క పెట్టెలో ఉన్న థర్మామీటర్నండి. ఆ ఒక్క పెట్టెను పట్టుకుని భూమి సంగతంతా చెప్పేస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసేసేవారు."

అందరూ నవ్వారు. విజయేందర్ కూడా నవ్వాడు. తుకారాంకు నవ్వు రాలేదు. నాకు తెలియదు అన్న మనిషి పక్కకు బల్ల మీద జనం జరిగి కూర్చోవడం ఆయన జన్మలో చూడలేదు. మర్నాడు ఎండల పేజీని హరికిషన్ తిన్నగా దేవానందం చేతిలో పెట్టాడు. దేవానందం దాన్ని చదివి, ఏ వ్యాఖ్యా చేయకుండా తుకారాంకు అందించాడు. పేజీ పోయినందుకు మండిన దానికన్నా, అది తిరిగి వచ్చినందుకు ఎక్కువ మండింది.

ఆనాటి నుంచి తుకారాంకు ఎదురింటి మీదే ధ్యాస. కిటికీ దగ్గర కూర్చుని కూరగాయలు తరుగుతున్నట్టు కనబడుతూ అటే చూసేవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకోకుండా మనిషి గుమ్మం దాటడు. చాయ్ చల్లారేదాకా తాగడు. ఎవరు ఏమడిగినా గబుక్కున జవాబు చెప్పడు. ఒక్కరోజు కంకర మీద నడిపిస్తే తెలుస్తుంది ఈ నిదానం అనుకునేవాడు తుకారాం. నీడలో పెట్టెలు చూసి జీతం తీసుకున్నవాడికి, ఎండలో కాళ్లు కాల్చుకున్నవాడికి తేడా లేదా అని భార్యను అడిగేవాడు. శారదమ్మ చిక్కుడుకాయలు మళ్లీ తరిగేది, ఆయన తరిగినవి పనికిరావని.

వడియాల రోజున మరీ తలకొట్టేసినట్టయింది. డాబా మీద వడియాలు పెడదామని సగ్గుబియ్యం ఉడకబెట్టుకున్న శారదమ్మ, తుకారాం వాన రాదని చెప్పిన తర్వాత కూడా, ప్రహరీ దగ్గరికి వెళ్లి దేవానందాన్ని అడిగింది. సాయంత్రం గాలివాన ఉండొచ్చని శాఖవాళ్లు చెప్పారమ్మా అన్నాడాయన. ఆమె వడియాలు మానుకుంది. సాయంత్రమైంది, చుక్క పడలేదు. తుకారాం డాబా మీద అటూ ఇటూ రెండుసార్లు తిరిగి, ఆకాశాన్ని తానే తుడిచి పెట్టినంత సంతోషంగా కిందికి వచ్చాడు.

"ఏమైంది మీ సారు వాన?" అన్నాడు.

"ఉండొచ్చు అన్నడు. ఉంటదనలే" అంది శారదమ్మ. "నువ్వు జెప్తే గట్టిగుంటది. గాయన జెప్తే నమ్మకముంటది. ఏం జేయమంటవ్?"

తను చెప్పింది నిజమైన రోజున కూడా గెలుపు అవతలివాడికే పోవడం తుకారాంకు అంతుపట్టలేదు. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు.

మే రెండోవారం. దేవానందం చర్చి పని మీద వెళ్లి రెండు రోజులు వసారాకు రాలేదు. వాదం లేకపోతే విజయేందర్‌కు పేపరు చదివినట్టుండదు. అప్పట్లో ఎండలు ఇప్పటికన్నా తక్కువని ఎవడు చూశాడు, పాత లెక్క ఒక్కటైనా మన కళ్లబడితే కదా అని అతను అంటుండగా, తుకారాం నోట్లోంచి మాట జారింది. "నా దగ్గరున్నయ్ లెక్కలు."

ఇంటికి వెళ్లి ట్రంకుపెట్టెలోంచి నోటుబుక్కు తెచ్చాడు. డ్యూటీ డైరీ ఇంగ్లీషులో పైవాళ్లకు వెళ్లేది. ఇది ఆయన తన కోసం తెలుగులో రాసుకున్నది. ఇరవై ఏళ్ల కిందటి మే నెల. రూళ్లకర్రతో గీసిన గీతలు. మొదటి గడి మీద తా., అంటే తారీఖు. రెండో గడి మీద టై., అంటే టైము. మూడో గడి మీద ప.వే. ఆ ప.వే. కింద వరసగా యాభై ఒకటి, యాభై రెండు, యాభై, యాభై మూడు.

విజయేందర్ వేలు పెట్టి చదివాడు. "ప.వే. అంటే..." అని ఒక్క క్షణం ఆగి, తనే పూర్తి చేశాడు. "పగటి వేడి. యాభై మూడు. సూడుండ్రి. ఇయ్యాల పేపర్ల నలభై మూడు. పది డిగ్రీలు సల్లవడ్డది లోకం."

ప.వే. అంటే పట్టా వేడి. ఎండలో మాడే ఇనుము మీద ఆనించిన థర్మామీటరు చూపించిన అంకె. ఎండలో పట్టా గాలికన్నా పదో ఇరవయ్యో ఎక్కువ కాలుతుందని గ్యాంగులో కొత్తగా చేరినవాడికి కూడా తెలుసు. తుకారాంకు తెలియక కాదు. నోరు తెరిచాడు కూడా. అప్పుడే హరికిషన్, రోజూ దేవానందాన్ని చూసే కళ్లతో ఆయన్ని చూశాడు. "అరే మేస్త్రీ, ఇంత పెద్ద సబూతు పెట్టెల వెట్టుకోని ఇన్నొద్దులు సప్పుడు జేయలేదా నువ్వు?"

తుకారాం నోరు మూసుకున్నాడు.

విజయేందర్ ఆ పేజీని ఫోటో తీసి, కింద నాలుగు ముక్కలు రాసి ఫోను గ్రూపుల్లో పంపాడు. సాయంత్రానికి అది ఊరంతా తిరిగి, శారదమ్మ చెల్లెలు ఊర్మిళ ఫోనులోంచి మళ్లీ వాళ్లింటికే వచ్చింది. రైల్వే నిపుణులు తుకారాం గారు ముప్పై నాలుగేళ్ల అనుభవంతో నిరూపించిన నిజం అని ఉంది. తుకారాం శారదమ్మ చేత దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. నిపుణులు అన్నచోట ఆమె తొందరగా చదివేసిందని మూడోసారి.

దేవానందం తిరిగి వచ్చిన రోజున ఆ ఫోటో హరికిషన్ చూపించాడు. అసలు పుస్తకం చూడొచ్చా అని దేవానందం అడిగాడు. ఒక్కో పేజీ తిప్పాడు. "ఒక్క కొట్టివేత లేదండి. నేను కూడా ఇంత శుభ్రంగా రాయలేదు" అన్నాడు అందరికీ వినబడేట్టు. పుస్తకం తిరిగి ఇస్తూ, తుకారాంకు ఒక్కడికే వినబడేట్టు, "థర్మామీటరు ఎక్కడ పెట్టేవారండి?" అన్నాడు.

"ఏడ వెట్టాల్నో ఆడనే" అన్నాడు తుకారాం.

దేవానందం తలూపి తన పేపరు తీసుకున్నాడు. సారుకే మాట పడిపోయిందని విజయేందర్ మురిశాడు. తుకారాంకు మాత్రం అర్థమైంది. ఆ మనిషికి తెలిసిపోయింది. తెలిసి, పదిమందిలో తన పరువు తీయలేదు. అరిచి ఉంటే తుకారాం కూడా అరిచేవాడు, గొడవలో ఎక్కడో ఒకచోట నిలబడేవాడు. ఈ మర్యాదను ఏం చేసుకోవాలో తెలియలేదు. ఇంటికి పోతూ, ఎదురింటి గోడవార కాంతమణి పెంచుకునే మల్లె కుండీలను చూసి, అవి కూడా తన మొక్కల కన్నా ఏపుగా ఉన్నాయని గమనించాడు.

వారం గడిచింది. ఒక సాయంత్రం యుగంధర్ వచ్చాడు. ఒకప్పుడు తుకారాం గ్యాంగులో క్యాజువల్‌గా చేసి, ఆయన దగ్గరే పని నేర్చినవాడు. ఇప్పుడు నలభై దాటాయి. ఒక ప్రైవేటు కాంట్రాక్టరు కింద ఇరవై మందిని పెట్టుకుని, మల్కాజ్‌గిరి అవతల లైను పక్కన కంకర పని చేయిస్తున్నాడు. ముఖం కమిలిపోయి ఉంది. శారదమ్మ ఇచ్చిన మజ్జిగ రెండు గ్లాసులు గటగటా తాగాడు.

తర్వాత చెప్పాడు. ఎండలు ముదిరాయని, వాతావరణ శాఖ హెచ్చరిక చూసి, పన్నెండు నుంచి మూడు దాకా పని ఆపేట్టు కాంట్రాక్టరుతో ఒప్పందం చేసుకున్నారట. పదిరోజులు బాగానే జరిగింది. నాలుగు రోజుల కింద సూపర్‌వైజర్ ఫోను తెచ్చి ఒక ఫోటో చూపించాడు. పాత రోజుల్లో యాభై మూడు డిగ్రీల్లో పనిచేశారు, నలభై మూడుకే మీకు నీడ కావాలా అన్నాడు. ఆ రోజు నుంచి విరామం బంద్. నిన్న కంకర మోస్తూ విమలమ్మ అనే ఆమె పడిపోయింది. నీళ్లు కొట్టి నీడకు లాగారు, లేచింది. ఇవాళ మళ్లీ పనికి వచ్చింది, రాకపోతే కూలి పోతుందని.

"నేను జూడంగనే గుర్తువట్టిన మేస్త్రీ, నీ దస్తూరి. ప.వే. అంటే పట్టా వేడి గదా, నాకు రాయ నేర్పిందే నువ్వాయె. ఎవడో నీ బుక్కు దొంగసాటుగ ఫోటో దీసి ఉల్టా రాసిండు. మా మేస్త్రీ అబద్దం ఆడడని ఆనితోటి కొట్లాడిన. ఆడు ఇంటలేడు. నువ్వు జెర కాయితం మీద రాసియ్యి. ఎండల సంగతి తెలిసినోళ్లతోని సుత రాయించుకొని రా అన్నడు. లేకుంటే లేదంటున్నడు."

శారదమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి తుకారాంను చూసింది. ఆయన ఆమెను చూడలేదు.

"ఎవడు దొంగసాటుగ తియ్యలే" అన్నాడు. "నా ముందట్నే తీసిండ్రు."

యుగంధర్‌కు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. గ్లాసు కింద పెట్టి, రేపు పన్నెండింటికి సైటు మీద ఉంటానని చెప్పి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు మేస్త్రీ అని పిలవలేదు.

సందు దాటడానికి పది అడుగులు. తుకారాంకు ఆ పది అడుగులు వేయడానికి అరగంట పట్టింది. మొదట చెప్పుల కోసం వెదికాడు, కాళ్లకే ఉన్నాయి. తర్వాత మొక్కలకు నీళ్లు పోశాడు. కాంతమణి తలుపు తీసి, రండన్నయ్యా అని లోపలికి పిలిచి, కుర్చీ వేసింది. దేవానందం ముందుగదిలో బైబిలు చదువుకుంటున్నాడు, వేలు పేజీలో ఉంచి మూశాడు. తుకారాం కూర్చోకుండానే జరిగినదంతా చెప్పాడు. ఎందుకు ఊరుకున్నాడో మాత్రం చెప్పలేదు. దేవానందం అడగలేదు.

"ఆ మే నెల ఎండలు నాకు జ్ఞాపకమున్నాయండి. కానీ నా జ్ఞాపకాన్ని కాగితం మీద పెట్టను. రికార్డు చూసి రాద్దాం. రేపు పొద్దున్నే మా శాఖ ఆఫీసుకు వెళ్దాం, మీరూ రండి" అన్నాడు.

మర్నాడు ఆఫీసుకు పోయే ముందు ఇద్దరూ వసారా దగ్గర ఆగారు. తుకారామే ఆగుదామన్నాడు. నిలబడే చెప్పాడు, ప.వే. అంటే పట్టా వేడి అని. హరికిషన్ పేపరు దించాడు. విజయేందర్ మాత్రం కోపంగా, నేను చదివిన్నాడే చెప్పొద్దా అని అడిగాడు. నలభై గ్రూపుల్లో పంపాడట.

"చెప్పబుద్ధి గాలే" అన్నాడు తుకారాం. దేవానందం పక్కనే ఉన్నాడని తెలిసీ, ఆగకుండా అన్నాడు. "గీ సారు వచ్చినకాంచి మీరెవ్వలు నన్ను ఒక్క మాట అడుగలే. ఆ పొద్దు అడిగిండ్రు. మంచిగనిపించింది."

దేవానందం రేకుల వంక చూస్తూ నిలబడ్డాడు. విజయేందర్ గొణుక్కుంటూ ఫోను తీసి, అది పట్టా వేడి అట అని రాసి పంపాడు. మొదటిదాన్ని ఎంతమంది చూశారో, దీన్ని ఎంతమంది చూస్తారో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నానికి ఇద్దరు చూశారని తర్వాత అతనే చెప్పాడు.

ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడి దేవానందానికి నమస్తే సార్ అన్నాడు. లోపల కుర్రాఫీసరు కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. తుకారాం అన్నీ లెక్కబెట్టుకున్నాడు. తను రిటైరయ్యాక ఒకసారి గ్యాంగు దగ్గరికి వెళితే, ఎవరు కావాలి తాతా అని అడిగారు. అర్జీ రాసి, ఆ నెల అంకెలు రాసిన కాగితం కోసం కూర్చున్నప్పుడు దేవానందం ఆయన్ని ఆవరణలోకి తీసుకెళ్లాడు. గడ్డి మీద, నడుముకన్నా ఎత్తున, నాలుగు కాళ్ల మీద తెల్లరంగు చెక్క పెట్టె ఉంది. చుట్టూ గాలి ఆడేట్టు ఏటవాలు చెక్కలు. లోపల ఎండ పడదు.

"ప్రతిచోటా ఇదే ఎత్తు, ఇదే రంగు, ఇదే నీడండి. అందరూ ఒకేలా పెడితేనే ఒకరి అంకె పక్కన ఇంకొకరి అంకె పెట్టి చూడొచ్చు" అన్నాడు దేవానందం. తర్వాత తనే అడిగాడు. "పట్టా గాలికన్నా ఎంత ఎక్కువ కాలుతుందండి?"

మబ్బు లేని రోజున పది నుంచి ఇరవై దాకా అన్నాడు తుకారాం.

"అంతా? నాకు తెలియదండి. మీరు చెప్పారని రాసేస్తాను." జేబులోంచి పెన్ను తీసి అక్కడికక్కడే రాసుకున్నాడు.

రుజువు అడగలేదు. ఎక్కడ చదివావని అడగలేదు. ముప్పై నాలుగేళ్లు పట్టాల మీద ఉన్నవాడు చెప్పాడు, చాలు. నాకు తెలియదు, తెలిసినవాళ్లను నమ్ముతాను అని దేవానందం వసారాలో అన్నప్పుడు తను ఎంత చిన్నచూపు చూశాడో తుకారాంకు గుర్తుంది. ఈ ఒక్క పని కూడా ఈ మనిషి తనకన్నా బాగా చేస్తున్నాడని కడుపులో కొత్తగా మంట పుట్టింది.

అంకెలు వచ్చాయి. యాభై ఒకటి, యాభై మూడు అని తుకారాం రాసుకున్న రోజుల్లో గాలి వేడి నలభై, నలభై రెండు. దేవానందం పది వరసల్లో రాసి, సంతకం చేసి, ఆ రోజు హెచ్చరిక కాగితం కూడా జతచేసి ఇచ్చాడు. సైటుకు మాత్రం రానన్నాడు. "వాళ్లు మిమ్మల్ని ఎరుగుదురు. నేను వచ్చి నిలబడితే ఇంకో వాదం మొదలవుతుంది."

పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. లైను పక్కన కంకర కుప్పల మధ్య మనుషులు తట్టలు మోస్తున్నారు. అందులో విమలమ్మ ఎవరో తుకారాం అడగలేదు. సూపర్‌వైజర్ ముప్పై ఏళ్లవాడు, గొడుగు కింద కుర్చీలో ఉన్నాడు. మొదట తుకారాం రాసిన కాగితం చదివాడు. ప.వే. అనగా పట్టా వేడి, పగటి వేడి కాదు, చదివినవారు పొరబడగా విని నేను ఊరుకున్నాను, ఇట్లు తుకారాం. దాన్ని మడిచి రెండోది విప్పాడు.

"మీదైతే సరే, మీ బుక్కు మీ ఇష్టం. గీ దేవానందం ఎవలు? రిటైరైనోడు. ఫోన్ల పదిమంది పది తీర్ల చెప్తున్నరు. నేను ఎవల్ని నమ్మాలె?"

యుగంధర్ ఒక అడుగు ముందుకు వేశాడు. తుకారాం చెయ్యి అడ్డం పెట్టాడు. ఎండ నెత్తిన ఉంది. తట్టలు మోసేవాళ్లు ఒక్కొక్కరే నడక తగ్గించారు.

"పట్టా సంగతైతే నన్ను అడుగు, నేను జెప్త" అన్నాడు తుకారాం. "ఎండ సంగతి ఆయనకు నాకన్న ఎక్కువ తెలుసు. ఆయనకన్న తెలిసినోళ్లు ఎవలున్నరో అది సుత ఆయనకు తెలుసు. నాకు గది తెల్వక ఆగమైన."

"మీ దోస్తు అని చెప్తున్నరా?"

"దోస్తు గాదు. ఆయన్ని చూస్తె నాకు కడుపుమంట. ఎదురింట్ల ఉంటడు, దినాం చూడాల్నాయె. గసుంటోని గురించి నా నోట్లకెళ్లి గీ మాట వస్తున్నదంటే నువ్వు నమ్మొచ్చు."

తట్టలు మోసేవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పక్కవాళ్లకు అంటుకుంది. సూపర్‌వైజర్ తను కూడా నవ్వబోయి, ఆపుకుని, హెచ్చరిక కాగితాన్ని మరోసారి చూశాడు. దాని మీద ఆ రోజు తేదీ ఉంది. మొత్తం మూడు కాగితాలనూ ఫోటో తీసి ఎవరికో పంపాడు. ఫోను మోగింది, పక్కకు వెళ్లి మాట్లాడి వచ్చాడు. మూడింటి దాకా బంద్ పెట్టుకోండి, సాయంత్రం ఒక గంట ఎక్కువ చేయాలి అన్నాడు. సాయంత్రం అరగంట అన్నాడు యుగంధర్. ముప్పావుగంటకు కుదిరింది.

వాళ్లు తట్టలు బోర్లించి బ్రిడ్జి నీడకు పోయారు. ఎవరూ వచ్చి తుకారాంకు దండం పెట్టలేదు. నీళ్ల కుండ చుట్టూ మూగారు. ఒకామె కొంగు తడిపి నెత్తిన వేసుకుని అట్లాగే ఒరిగిపోయింది. యుగంధర్ ఆయన్ని రోడ్డు దాకా సాగనంపాడు. బస్సు కనబడ్డాక, చూపు కంకర కుప్పల మీదే ఉంచి, "ఆ సారుకు మా తరఫున దండాలు చెప్పు మేస్త్రీ" అన్నాడు.

చెప్తానని తుకారాం బస్సెక్కాడు. ఒంటిగంటన్నరకు ఇంటికి చేరాడు. ఎదురింటి తలుపు తీసే ఉంది, దేవానందం గడపలో కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్నాడు. పని జరిగిందన్నట్టు తుకారాం దూరం నుంచే తల ఊపి లోపలికి వెళ్లాడు. అన్నం తిన్నాడు, పడుకున్నాడు, లేచి చాయ్ తాగాడు. దండాల సంగతి సాయంత్రం దాకా ఆగి చెప్పాడు.